షెడ్డులో పాటల గది: గుడ్ల అట్టలు చప్పుడును ఆపవు

(మా గ్రామీణ విలేఖరి)

కరీంనగర్: కారు, ట్రాక్టరు పెట్టుకోవడానికి వేసుకున్న షెడ్లను పాటలు రికార్డు చేసే గదులుగా మార్చుకోవాలన్న ఉబలాటం పల్లెల్లో యువకులకు పట్టుకున్నది. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, అనగా 2016 అక్టోబరులో విడగొట్టక మునుపటి జిల్లాలో, జానపదాలకు ఏనాడూ కొదవ లేదు. ఒకప్పుడు పాట రికార్డు కావాలంటే మద్రాసుకో, హైదరాబాదుకో పోవలసి వచ్చేది. ఇప్పుడు ఒక కంప్యూటరు, ఒక మైకు, ఆ రెంటినీ కలిపే చిన్న పెట్టె ఉంటే ఊళ్లోనే పని అయిపోతున్నది. పాటను యూట్యూబులో పెట్టడానికి ఎవరి గడప తొక్కనక్కరలేదు. దీనితో ట్రాక్టరును వేపచెట్టు కిందికి తోసి, షెడ్డుకు సున్నం కొట్టి, గోడలకు అట్టలు అంటించి "స్టూడియో" అని బోర్డు రాయిస్తున్నారు.

ఆలోచన చెడ్డది కాదు. అమెరికాలో గిటారు వాద్యకారుడు లెస్ పాల్ 1940లలోనే హాలీవుడ్‌లోని తన ఇంటి కారు షెడ్డును రికార్డింగు గదిగా చేసుకున్నాడు. మన ఎ.ఆర్. రెహమాన్ మద్రాసులో ఇంటి పెరట్లో కట్టుకున్న స్టూడియోలోనే 1992లో విడుదలైన "రోజా" పాటలు తయారయ్యాయి. వసతి చిన్నదైనంత మాత్రాన పాట చిన్నది కాబోదు.

వచ్చిన చిక్కల్లా డబ్బు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టకపోవడంలో ఉన్నది. ఖరీదైన మైకు కొంటారు. గోడలకు రంగురంగుల స్పాంజి అంటిస్తారు. పైన రేకులు, ముందు ఇనుప షట్టరు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. రాత్రి డప్పు దరువు రికార్డు చేస్తుంటే వాడకట్టంతా లేచి కూర్చుంటున్నది. మధ్యాహ్నం పాట మొదలుపెడితే పక్క పొలంలో మోటారు, కోడి కూత, వరికోత మిషను అన్నీ పాటలోకి వస్తున్నాయి. వాన వస్తే ఇక చెప్పనక్కరలేదు. రేకుల మీద చినుకు పడిందంటే ఆ పూటకు పని బందు.

రెండు వేర్వేరు జబ్బులు

ఇక్కడ రెండు సంగతులను కలగలిపి చూడటమే అసలు పొరపాటు. లోపలి చప్పుడు బయటికి, బయటి చప్పుడు లోపలికి పోకుండా ఆపడం ఒకటి. గదిలో పాడిన గొంతు నాలుగు గోడలకు తగిలి మారుమోగకుండా చూడటం మరొకటి. గుడ్ల అట్టలు, స్పాంజి, పరదాలు, జంపఖానాలు రెండో జబ్బుకు మందు. అదీ సన్నని, కీచు స్వరాలకు మాత్రమే. మొదటి జబ్బుకు అవి దోమతెరతో వాన ఆపినట్టు.

చప్పుడును ఆపేవి బరువు, గాలి చొరని బిగింపు, రెండు పొరల మధ్య ఎడం. చప్పుడు గాలిలో వచ్చే అల. అది గోడను కొంచెం కదిలించి, ఆ కదలికతో అవతలి గాలిని కదిలిస్తుంది. గోడ ఎంత బరువైతే కదలిక అంత తక్కువ. రెండు వైపులా సిమెంటు పూసిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సుమారు 45 నుంచి 50 డెసిబెళ్ల చప్పుడును మింగుతుంది. సందులున్న ఇనుప షట్టరు 20 మింగితే గొప్ప.

ఈ డెసిబెల్ లెక్క మన కిలోల లెక్క వంటిది కాదు. పది డెసిబెళ్లు తగ్గితే చప్పుడు సగానికి తగ్గినట్టు చెవికి తోస్తుంది. దగ్గరగా వాయించే డప్పు సుమారు 100 డెసిబెళ్లు ఉంటుందనుకోండి. షట్టరు వెనుక వాయిస్తే బయట ఇంకా 80 మిగులుతుంది. మంచి గోడ వెనుక వాయిస్తే 55 దాకా దిగుతుంది. ఒకే గోడను రెట్టింపు మందం చేసినా అదనంగా తగ్గేది అయిదారు డెసిబెళ్లే. అదే ఇటుకను రెండు గోడలుగా పెట్టి మధ్యలో ఎడం వదిలితే లాభం ఎక్కువ. అందుకే తెలిసినవారు గదిలో గది కడతారు.

సందు సంగతి మరీ విడ్డూరం. వంద చదరపు అడుగుల గోడలో ఒక్క చదరపు అడుగు సందు ఉంటే, ఆ గోడ ఎంత మందపాటిదైనా మొత్తం మీద 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు. కాలువ గట్టుకు ఎండ్రకాయ పెట్టిన బొరియ వంటిదే ఇది. గోడకూ రేకుకూ మధ్యనున్న ఎడం, తలుపు కింది సందు, కరెంటు తీగ కోసం కొట్టిన రంధ్రం, ఇవి పూడ్చకుండా ఎన్ని వేలు పోసినా వృథా.

షట్టరు తీసివేసి ఆ చోట గోడ కట్టించడమే మొదటి పని. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు షట్టరు చోట తొమ్మిది అంగుళాల గోడకు, తలుపు పోను, ఆరు వందల పైచిలుకు ఇటుకలు పడతాయి. మేస్త్రికి రెండు మూడు రోజుల పని. తలుపు లోపల బోలుగా ఉండే రకం కాక, నిండు చెక్కది కావాలి. నాలుగు వైపులా రబ్బరు పట్టీ, కింద గడప తప్పనిసరి. వీలైతే ఒకదాని వెనుక ఒకటి రెండు తలుపులు పెట్టుకోవాలి.

రేకుల కప్పే అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. స్లాబు పోసే స్తోమత లేనివారు లోపల రెండో కప్పు వేసుకోవచ్చు. అయితే దానిని పై రేకుల చట్రానికి వేలాడదీయకూడదు. విడిగా స్తంభాలు గానీ, లోపలి గోడ గానీ దానిని మోయాలి. పై చట్రానికి తగిలితే రేకు మీది వానచప్పుడు ఇనుము వెంట నడిచి లోపలికి దిగుతుంది. రెండు పొరల జిప్సం బోర్డు, దాని మీద రాతి ఉన్ని పరిస్తే మంచిది. ఈ ఉన్ని పరిచేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుంటే దురద, దగ్గు తప్పవు.

ఇరవై అడుగుల షెడ్డుతో ఒక చిక్కు

మన షెడ్లు తరచుగా పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉంటాయి. ఎత్తు కూడా పదే అయితే పాటకు అంతకన్నా చెడ్డ కొలత లేదు. మోటబావిలోకి వంగి రకరకాల స్వరాలతో కేక వేసి చూడండి. ఏదో ఒక స్వరం దగ్గర బావి గట్టిగా బదులు పలుకుతుంది. ప్రతి గదికీ అటువంటి స్వరాలుంటాయి. పది అడుగుల ఎడానికి అది సెకనుకు సుమారు 56 కంపనాల దగ్గర వస్తుంది. ఇరవై అడుగులకు 28 దగ్గర ఒకటి, దానికి రెట్టింపైన 56 దగ్గర మరొకటి. అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే స్వరాన్ని పట్టి ఊపుతాయి. ఆ గదిలో కూర్చుని బొంగురు స్వరాలు సరిదిద్దినవాడు, బయట కారులో అదే పాట విని ఇది నా పాటేనా అని ఆశ్చర్యపోతాడు.

దీనికి ఉపాయం తేలికే. షెడ్డును పన్నెండున్నర అడుగులు, ఆరున్నర అడుగులుగా అడ్డుగోడ పెట్టి విడగొడితే కొలతల పొత్తు చెడిపోతుంది. చిన్న గదిలో పాడేవారు, పెద్ద గదిలో కంప్యూటరు. రెండు పనులూ తీరుతాయి. మూలల్లో నేల నుంచి కప్పు దాకా మందపాటి ఉన్ని పలకలు నిలబెడితే బొంగురు ఇంకా తగ్గుతుంది.

మారుమోత తగ్గించడానికి స్పాంజి కన్నా మన గొంగడి మేలు. కురుమలు నేసే నల్ల గొంగడిని గోడకు ఆనించకుండా నాలుగంగుళాల ఎడంగా వేలాడదీస్తే గొంతు శుభ్రంగా వస్తుంది. పైగా ఉన్ని తొందరగా అంటుకోదు. గొంగడి నేతకు గిరాకీ పడిపోయిన ఈ రోజుల్లో నాలుగు ఇండ్లకు పని కూడా దొరుకుతుంది.

ప్రాణం మీదికి రాకూడదు

స్పాంజి సంగతి హాస్యానికి చెప్పినది కాదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 2003 ఫిబ్రవరి 20 రాత్రి స్టేషన్ అనే వినోదశాలలో, చప్పుడు ఆపడానికని గోడలకు అంటించిన స్పాంజికి బాణసంచా నిప్పు తగిలి 100 మంది చనిపోయారు. బ్రెజిల్‌లో 2013 జనవరిలో కిస్ అనే క్లబ్బులో అదే విధంగా కప్పుకు వేసిన స్పాంజి అంటుకుని 242 మంది బలయ్యారు. అందులో ఎక్కువ మందిని చంపింది మంట కాదు, స్పాంజి కాలి పుట్టిన విషపు పొగ. రెండేళ్ల తరువాత రుమేనియా రాజధానిలోని కలెక్టివ్ క్లబ్బులోనూ ఇదే కథ, 64 మంది పోయారు. అవి వందల మంది పట్టే శాలలు, మనది చిన్న గదే కదా అనవచ్చు. చిన్న గదికి దారి ఒకటే ఉంటుంది. కిటికీ ఉండదు. గుడ్ల అట్టల వెనుక అతుకుల కరెంటు తీగలుంటాయి. ఊళ్లోకి ఫైరింజను రావడానికి ఎంతసేపు పడుతుందో అందరికీ తెలిసిందే. తలుపు బయటికి తెరుచుకునేలా, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తీసేలా ఉండాలి.

గాలి మరో సంగతి. అన్ని సందులూ మూసిన గదిలో నలుగురు కోరస్ పాడేవారు గంటసేపు ఉంటే తల దిమ్మెక్కుతుంది. ఏసీ పెట్టాము కదా అంటారు. గోడకు పెట్టే ఆ ఏసీ లోపలి గాలినే చల్లబరచి తిప్పుతుంది, కొత్త గాలిని తేదు. గాలి రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి చెక్క గొట్టాలు పెట్టి, వాటిని రెండు మూడు మలుపులు తిప్పి, లోపల ఉన్ని అంటిస్తే గాలి ఆడుతుంది, చప్పుడు మలుపుల్లో చచ్చిపోతుంది. జనరేటరును మాత్రం ఆ గొట్టాల దగ్గరకు గానీ, షెడ్డులోకి గానీ తేకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. కూర్చున్నవారు కూర్చున్నట్టే ప్రాణం పోతుంది.

కరెంటు విషయంలో ఎర్తింగు గుంత సరిగా లేకపోతే పాటంతా "జుమ్" అని సన్నని మోత వస్తుంది. మైకు చెడిపోయిందని పట్నం తీసుకుపోయేవారు ముందు గుంతలో బొగ్గు, ఉప్పు, తడి ఉన్నాయేమో చూసుకోవడం మంచిది. డబ్బు తీసుకుని ఇతరుల పాటలు రికార్డు చేస్తే ఇంటి మీటరు చాలదు, వ్యాపార కేటగిరీ కిందికి మార్చుకోవాలి. పొలం పక్క షెడ్డే కదా అని వ్యవసాయ కనెక్షను నుంచి తీగ లాగడం నేరం.

చట్టం ఏమంటున్నది

2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం ఇండ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ఆస్పత్రులకు, బడులకు, కోర్టులకు 100 మీటర్ల లోపున ఇంకా తక్కువ. సొంత జాగాలో చేసే చప్పుడుకు కూడా హద్దు ఉన్నది. మా ఇల్లు మా ఇష్టం అంటే చెల్లదు. పైన చెప్పిన డప్పు లెక్కను ఇక్కడ పెట్టి చూస్తే, మంచి గోడ ఉన్నా డప్పు పగటి పనే అని తేలుతుంది. గొంతు, ఫ్లూటు, హార్మోనియం రాత్రికి పెట్టుకోవచ్చు.

ఖర్చు రాబడుతుందా అన్నది అసలు ప్రశ్న. యూట్యూబులో ప్రకటనల వాటా రావాలంటే చానెల్‌కు 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. చిన్న వీడియోలైతే 90 రోజుల్లో కోటి వీక్షణలు. ఇంతా అయి, ఆ తరువాత మాత్రమే పైసా. కాబట్టి భూమి కుదువపెట్టి షెడ్డు మార్చడం అవివేకమని చెప్పక తప్పదు. ఊరేగింపు పాటలు, ఎన్నికల ప్రచార పాటలు, బడి పిల్లల కార్యక్రమాలు రికార్డు చేసి కూలి డబ్బులు తెచ్చుకునే గది కొంతవరకు నిలదొక్కుకుంటుంది. చానెల్ ఒక్కదాన్నే నమ్ముకున్నది నిలవడం కష్టం.

లాభనష్టాలకు మించి ఈ గదులతో ఒక మేలు ఉన్నది. 2023లో వచ్చిన "బలగం" సినిమా చివర పాడి జనాన్ని ఏడిపించిన బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వరంగల్ జిల్లావారు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. అటువంటి గొంతులు ఊరికి ఒకటో రెండో ఇంకా ఉన్నాయి. నాట్లలో, బతుకమ్మలో, పెండ్లి పందిట్లో పాడే అవ్వలు పట్నం స్టూడియో మెట్లు ఎక్కలేరు. ఊళ్లో షెడ్డుకైతే మనుమరాలి చెయ్యి పట్టుకుని వస్తారు.

అక్కడే అన్యాయానికీ చోటు ఉన్నది. అవ్వ పాడిన పాటను రికార్డు చేసి, మాటలు అటూ ఇటూ మార్చి, "రచన, సంగీతం" అని తమ పేరు వేసుకునేవారు లేకపోలేదు. 2021లో "లవ్ స్టోరీ" సినిమాలోని సారంగ దరియా పాట ఎవరు సేకరించారు, పేరు ఎవరికి దక్కాలి అని ఎంత రచ్చ జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పాత జానపదానికి సొంతదారు లేకపోవచ్చు. ఆ పూట పాడిన గొంతుకు మాత్రం చట్టంలో హక్కు ఉన్నది. 2012 సవరణ ప్రకారం, పాడినవారు తమ పేరు చెప్పాలని అడగవచ్చు. వారి హక్కు పాడిన ఏడాది తరువాత 50 ఏళ్లు ఉంటుంది. పాడించేముందే ఒక కాగితం మీద పాట పేరు, పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఇచ్చిన డబ్బు, ఇకముందు వచ్చే రాబడిలో వాటా ఎంతో రాసి, చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకుంటే సరిపోతుంది. ఆ కాగితానికి నకలు ఒకటి అవ్వ ఇంట్లో ఉండాలి.