సిలిండర్ ఎక్కితే నేనెక్కను

ఉగాది సెలవులకి మచిలీపట్నం వెళ్దామన్నారు మావారు. ఈసారి కారవాన్‌లోనట. పడకలు, బాత్రూమ్, ఫ్రిజ్, గ్యాస్ స్టవ్వు అన్నీ అందులోనే. "నీకు ఇల్లు వదిలినట్టే ఉండదు" అని మురిసిపోయారు. నా బాధా అదేనండీ!

మాది శాలిబండ. 1591లో చార్మినార్ కట్టింది గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే దారి మీదేనంటారు. ఇప్పుడైతే 65వ నంబరు జాతీయ రహదారి, దాదాపు 340 కిలోమీటర్లు. పోయిన ఏడాది అద్దె కారులో వెళ్ళాం. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపాను. దారిలో బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుందో తెలీక సూర్యాపేట దాకా గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఇది మీకు విడమరిచి చెప్పక్కర్లేదు కదా. మంగినపూడి బీచ్‌లో అందరూ అలల్లో ఆడుతుంటే నేనూ అత్తమ్మా ఒడ్డున చెప్పులకీ టిఫిన్ డబ్బాలకీ కాపలా.

అందుకే ఆ బండిలో బాత్రూమ్ ఉందంటే దండం పెడతాను. స్టవ్వు మాత్రం వద్దు. అది కళ్ళెదుట ఉంటే చౌటుప్పల్ రాకముందే "కాస్త చాయ్ పెట్టు" అంటారు. బయటి తిండి పిల్లలకి పడదట! గుల్జార్ హౌజ్ దగ్గర బండి మీద వెన్న దోసె పడుతుంది గానీ, కోదాడలో ఇడ్లీ పడదా? వండేది నేను కాకపోతేనే వీళ్ళకి ఆరోగ్యం గుర్తొస్తుంది.

సిలిండర్ ఎక్కితే నేనెక్కనని చెప్పేశాను. మావారు ముఖం మాడ్చుకున్నారు. అత్తమ్మ అప్పుడేమీ అనలేదు. రాత్రి మెల్లగా వచ్చి, ఈసారి తనూ నీళ్ళల్లోకి దిగొచ్చా అని అడిగింది.