దానము చేసినంతనే చెలిమి యగునా?

పరదేశములలో క్రైస్తవమతసేవ చేయువారు తమ పనివలన జాతులకు నడుమ బాంధవ్యము కుదురుచున్నదని చెప్పుకొనుట వినుచున్నాము. వారు పాఠశాలలు పెట్టిరి, వైద్యశాలలు కట్టిరి, కఱవునాఁడు గంజి పోసిరి. కాదనుట కృతఘ్నత. కాని యుపకారము వేఱు, బాంధవ్యము వేఱు. ఇచ్చుచేయి యెప్పుడును మీఁదను, పుచ్చుకొనుచేయి యెప్పుడును క్రిందను ఉన్నచోట దాతృత్వ ముండవచ్చును గాని చెలిమి యుండనేరదు.

ఇది మిషనరీలకు గిట్టనివారి మాట గాదు. 1910వ సంవత్సరము జూన్ నెలలో స్కాట్లండు దేశమందలి ఎడింబరో పట్టణమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. ప్రతినిధులు రమారమి 1,200 మంది. వారిలో ఆసియావారు ఇంచుమించు ఇరువదిమంది మాత్రమే. ఆ కొలఁదిమందిలో తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగా రొకరు. అప్పటి కాయన వయస్సు 35 ఏండ్లు. మీరు మాకొఱకు ఆస్తులు ధారవోసితిరి, దేహములు సైతము అర్పించితిరి, ఇఁక మేము కోరునది మీ ప్రేమ, మాకు మిత్రుల నిండు అని ఆ మహాసభలో నిర్భయముగా అడిగిరి. మిషనరీల త్యాగమును మెచ్చుచునే వారి దూరమును ఎత్తిచూపిన మాట యిది.

“ఆఁకలిగొన్నవానికి ముందు అన్నము, పిమ్మట స్నేహము” అని కొందఱు ఆక్షేపింపవచ్చును. అన్నము పెట్టవలదని యెవ రనిరి? పెట్టినవాఁడు ప్రక్కనే కూర్చుండి తినుటకు అడ్డమేమి? చెలిమికి రెండు గుఱుతులు గలవు. తిన్నవాఁడు పెట్టినవానితో “అయ్యా, మీరు చేసినది తప్పు” అని వెఱపులేక చెప్పఁగలుగుట యొకటి. పెద్దఱికమును పంచుకొనుట రెండవది. ఈ రెండవ గుఱుతును బట్టి చూతము. 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో అజరయ్యగారు బిషప్పుగా అభిషిక్తులై డోర్నకలు అధ్యక్షమండలమునకు పెద్దయైరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయులు ఆయనయే. 1945లో ఆయన మరణించువఱకు మఱియొక భారతీయునికి అధ్యక్షమండలము నప్పగింపరైరి. ముప్పదిరెండేండ్లు! ప్రేమోపన్యాసములకు కొఱఁత లేదు. కుర్చీ మాత్రము కదలలేదు.

మఱి అజరయ్యగారు తాము కోరినదానిని తాము చేసిరా? తెలుఁగునాటికి ఆయనయు పరదేశియే. భారతీయుల ధనముతో, భారతీయ సేవకులతో పనిచేయుటకై 1903లో తిరునెల్వేలియందు ఒక సంఘమును స్థాపించినవారిలో ఆయన యొకరు. ఆ సంఘము పక్షమున, నాఁడు నైజాము రాజ్యములో నుండిన డోర్నకలునకు వచ్చి, తెలుఁగు నేర్చి, మాలమాదిగలు అధికముగాఁ గల విశ్వాసుల నడుమ జీవితశేషమును గడపిరి. అచ్చట 1939లో ప్రతిష్ఠింపఁబడిన పెద్దచర్చి సీమకట్టడమునకు నకలు గాదు; దాని గుమ్మటములును స్తంభములును ఈ దేశపు శిల్పరీతినే చూపుచున్నవి. వచ్చినవాఁడు ఊరివారి భాష నేర్చి, ఊరి రూపును గౌరవించినపుడే గదా సేవ బాంధవ్యమగును!

చదువరులారా, దొరల తప్పును విని సంతోషింపవలదు. పలకలును వస్త్రములును పట్టుకొని పేదవాడకు మనమును పోవుదుము. ఫలానివారు దయామయులని పేరును పొందుదుము. ఆ వాడవారు మన గుమ్మము త్రొక్కినపుడు వారిని ఏ గదివఱకు రానిత్తుము? ఏ గ్లాసుతో నీరిత్తుము? పిల్లల పెండ్లిలో ఏ పంక్తిని గూర్చుండఁబెట్టుదుము? ఎడింబరోలో అజరయ్యగారు అడిగిన ప్రశ్న సముద్రము దాఁటి మన వంటయింటి గడపయొద్ద నిలిచియున్నది. చందాపట్టీలో ఎంత వ్రాసితిమో చెప్పి దానిని త్రిప్పి పంపలేము. విస్తరి వేసియే ప్రత్యుత్తర మీయవలెను.