మందు సీసాకు ముందు ఖాళీ సీసా

పురుగులను పట్టుకొచ్చి సీసాలో పెట్టి చూడడం చిన్నపిల్లల ఆట అనుకుంటాం. తొలకరి పడగానే ఎర్రటి మఖమల్ తునకల్లా నేలమీద పాకే ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో దాచుకోని పిల్లగాడు మన పల్లెల్లో అరుదు. వయసొచ్చి ఎవుసంలో దిగినాక ఆ ఆట మానేస్తాం. మానకూడదని నా మాట. పొలం ఉన్న ప్రతి ఇంట్లో ఒక పురుగుల సీసా ఉండాలి.

రైతు సోదరులారా, నవ్వకండి. పోతిరెడ్డిపల్లి చుట్టుపక్కల ఒకవైపు ఫ్యాక్టరీలు, ఇంకోవైపు ప్లాట్లు. నడుమ మిగిలిన ఎకరం, అరెకరంలో కంది, పత్తి, కూరగాయలు వేసుకునే రైతుకు ప్రతి రూపాయీ లెక్కే. అయినా ఆకు మీద ఏదో పాకుతూ కనబడితే చాలు, అది ఏమిటో తెల్వకుండానే దుకాణానికి పోయి "పురుగు పడ్డది, గట్టి మందు ఇయ్యి" అంటాం. ఏం పురుగని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. పేరు తెలియని శత్రువు మీద యుద్ధం చేస్తే ముందుగా చచ్చేది మన సైన్యమే.

అక్షింతల పురుగు సంగతే చూడండి. ఎర్రటి రెక్కల మీద నల్లచుక్కలుంటే అది మంచిదని చాలామందికి తెలుసు. కానీ దాని పిల్ల పురుగు నల్లగా, పసుపు మచ్చలతో, చిన్న మొసలి పిల్లలా ఉంటుంది. చూస్తే భయమేస్తుంది. పేనుబంకను అదీ కరకరా తింటుంది. దాన్నే శత్రువనుకుని మందు కొట్టే రైతులు ఎందరో. చెబితే నమ్మరు. సీసాలో పెట్టి చూస్తే నమ్ముతారు.

ఖర్చు ఏమీ లేదు. హార్లిక్స్ సీసా గానీ, పచ్చడి సీసా గానీ శుభ్రంగా కడిగి తీసుకోండి. పురుగుమందు డబ్బా మాత్రం ఎన్నిసార్లు కడిగినా పనికిరాదు. దాన్ని ఇంట్లోకే తేవద్దు. పేనుబంక పట్టిన చిక్కుడు కొమ్మ ఒకటి సీసాలో వేసి, ఆ మొసలి పిల్లను వదిలి, మూతికి పలుచటి బట్ట కట్టండి. ఎండ తగలని చోట ఉంచండి. తెల్లారి చూస్తే బంక తగ్గి ఉంటుంది. రోజూ కొత్త కొమ్మ ఇస్తూ పోతే అది కోశంలోకి పోయి, కొన్నాళ్ళకు చుక్కల రెక్కలతో బయటికొస్తుంది.

కంది కాయ తొలిచే శనగపచ్చపురుగును కూడా ఇలాగే పెంచండి. సీసాకు ఒక్క పురుగునే పెట్టాలి, రెండుంటే ఒకదాన్నొకటి తినేస్తాయి. అడుగున మూడు నాలుగు వేళ్ళ మందాన తడిమట్టి పోయండి. పురుగు ఎదిగినాక కాయను వదిలి ఆ మట్టిలోకే దిగి కోశం కడుతుంది. ఎండాకాలం లోతు దుక్కులు దున్నమని అధికారులు ఎందుకు చెబుతారో అప్పుడు అర్థమవుతుంది. దుక్కిలో బయటపడ్డ కోశాలు ఎండకు మాడతాయి, కొంగలకు, కాకులకు మేతవుతాయి.

ఒక్కోసారి సీసాలో వింత జరుగుతుంది. పచ్చపురుగు ఎదగకుండానే చచ్చి, దాని పక్కన చిన్న గూడు కనబడుతుంది. అందులోంచి సన్నటి కందిరీగ లాంటిది వస్తుంది. అది మన మిత్రుడు. పచ్చపురుగు ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని లోపల్నుంచి తినేసే జాతి. ఇలాంటి పురుగులు నాలుగైదు సీసాల్లో దొరికాయంటే మీ చేనులో కూలి అడగని కాపలాదార్లు ఉన్నట్టే. గట్టి మందు కొడితే ముందు వాళ్ళే పోతారు.

ఇది నేను కల్పించిన ముచ్చట కాదు. మన పక్కనే పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్‌లో శాస్త్రవేత్తలు ఈ పచ్చపురుగును తయారుచేసిన మేత పెట్టి, తరం తర్వాత తరం పెంచుతూ వచ్చారు. శత్రువును ఇంట్లో పెంచి దాని గుణం తెలుసుకోవడమే ఆ పని. ఇండోనేషియాలో 1989లో మొదలైన రైతుల పొలం బడుల్లోనూ రైతులు జాలీ కట్టిన మొక్కల మీద పురుగులను వదిలి, ఎవరు ఎవరిని తింటారో కళ్ళారా చూశారు. మన రాష్ట్రంలో నడిచిన పొలంబడి ఆ దారిలో వచ్చిందే.

తెలుసుకోకపోతే ఏమవుతుందో 1997-98లో వరంగల్ జిల్లా చూసింది. పత్తి మీద మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. పలువురు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. సీసాలో పురుగును చూసినంత మాత్రాన అప్పు తీరుతుందని నేననను. అక్కరలేని ఒక్క పిచికారీ తప్పినా ఆ డబ్బు, ఆ కూలి, ఆ విషం మీకు తప్పినట్టే.

ఈ అలవాటుకు హద్దులు కూడా ఉన్నాయి. గుత్తి సాలీడు కథ వినండి. నీలంగా మెరిసే ఈ పెద్ద సాలీడు అనంతపురం జిల్లా గుత్తిలో దొరికింది. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త దాన్ని లోకానికి తెలిపాడు. అందం చూసి విదేశాల్లో గాజుపెట్టెల్లో పెంచుకోవడం మొదలైంది. ఇటు అడవీ తరిగింది. 2008 నాటికి అది తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాకెక్కింది. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలొచ్చాయి. చూడ్డానికి పట్టడం వేరు, అమ్మడానికి పట్టడం వేరు. ఆరుద్ర పురుగులను మందుల కోసం ఏరి అమ్మే వ్యాపారమూ దేశంలో ఉంది, దానికి చేయి కలపకండి. అది చెదపురుగులను, ఇతర పురుగుల గుడ్లను తినే జీవి. పిల్లలు ఒక పూట చూసి, తెచ్చిన చోటే వదిలేయాలి. తేళ్ళు, వెంట్రుకల గొంగళ్ళ జోలికి వారిని పోనీయొద్దు.

ఇంకో మాట. సీసా చూస్తూ కూర్చుని చేను మరవొద్దు. వారానికి రెండుసార్లు చేనంతా తిరిగి, అక్కడక్కడా ఇరవై మొక్కలు చూసి, శత్రువులెన్ని, మిత్రులెన్ని అని రాసుకోండి. పురుగు ఉధృతి ఎక్కువైతే ఆ సీసాను, ఆ లెక్కను తీసుకుని మీ వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరికి గానీ, జహీరాబాద్ వైపు వారైతే అక్కడి కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ పోండి. పురుగును చూపించి అడిగితే సరైన సలహా దొరుకుతుంది.

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నారు పెద్దలు. ఈ ఆరుద్ర కార్తెలో బడికి పోయే మీ పిల్లవానికో, ఆడపిల్లకో ఒక ఖాళీ సీసా ఇచ్చి చేనుకు తోలండి. వాళ్ళు తెచ్చినదాన్ని పక్కన కూర్చుని మీరూ చూడండి.