కోడిపుంజు చేపను గుర్తుపట్టండి

ఎల్‌.టి.సి.పై అండమాన్ దీవులకు వెళ్ళి, అక్కడ స్కూబా డైవింగ్ చేసి వచ్చిన సహోద్యోగులు మనలో ఉన్నారు. సముద్రగర్భంలో ఏమి చూశారని అడిగితే సాధారణంగా లభించే సమాధానం ‘రంగురంగుల చేపలు’ అన్నదే. ఆ చేపలకు పేర్లున్నవి. వాటిని గుర్తించుటకు ఒక పద్ధతి కూడా ఉన్నది. అందులో ఒకదానిని గుర్తించకపోవడం ప్రమాదకరం. దాని పేరు అచ్చమైన తెలుగు పేరు కావడం విశేషం.

సూరత్ నగరంలోని గోడాదరా, లింబాయత్ ప్రాంతాలలో వస్త్ర పరిశ్రమను నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది తెలంగాణ నుండి వచ్చినవారే. వారికి తెలిసినది చెరువు చేప. సమీపంలోని డుమాస్ తీరం బురదనీటి తీరమే గాని, పగడాల తీరం కాదు. గుజరాత్‌లో పగడపు దిబ్బలు చూడగోరువారు 1982లో కచ్ సింధుశాఖలో ఏర్పడిన సముద్ర జాతీయ ఉద్యానానికి వెళ్ళవలెను. అక్కడ నరారా వద్ద ఆటు సమయంలో నీరు తీసినప్పుడు కాలినడకనే పగడాలను దర్శించవచ్చును.

అయినను చేపలను గుర్తించుటకు కావలసిన దృష్టి మన వంటింటిలోనే ఉన్నది. కొరమీనును, వాలుగను ఎవరూ రంగు చూసి వేరుచేయరు. పాము తలవంటి తల, గుండ్రని దేహం, పొలుసులు ఉంటే కొరమీను. వెడల్పైన నోరు, మీసాలు, పొలుసులు లేని చదునైన దేహం ఉంటే వాలుగ. పగడపు దిబ్బ వద్ద కూడా సూత్రం ఇదే: మొదట ఆకారం, ఆ తరువాత గుర్తులు, చివరకు రంగు.

రంగును చివర ఉంచడానికి కారణాలు ఉన్నవి. నీరు ఎరుపు కాంతిని త్వరగా హరిస్తుంది. పది మీటర్ల లోతుకు చేరేసరికి ఎర్రని చేప బూడిద రంగులో కనిపించవచ్చును. చిలుక చేపలలో అనేక జాతులు మొదట మసక రంగుతో ఉండి, మగవిగా మారిన పిమ్మట మెరిసే ఆకుపచ్చ, నీలి వర్ణాలను పొందుతాయి. చక్రవర్తి ఏంజెల్ చేప పిల్లగా ఉన్నప్పుడు నీలి దేహంపై తెల్లని వలయాలతోను, పెరిగిన తరువాత పసుపు చారలతోను కనిపిస్తుంది. రంగును నమ్మినవారు ఒకే చేపను రెండు చేపలుగా లెక్కిస్తారు.

ఆకారం చేప కుటుంబాన్ని తెలుపుతుంది. పళ్ళెంవలె పలుచగా, గుండ్రంగా ఉన్నది సీతాకోకచిలుక చేప కావచ్చును. అదే ఆకారంలో ఉండి మొప్పకప్పు దిగువన ముల్లు ఉంటే అది ఏంజెల్ చేప. తోకను అంతగా వాడక, ప్రక్క రెక్కలను ఆడిస్తూ ఈదేది చిలుక చేప కావచ్చును. పిమ్మట చారలు వీపు నుండి పొట్టకు దిగుతున్నవా, తల నుండి తోకకు సాగుతున్నవా, మచ్చ ఎక్కడ ఉన్నది అన్నవి పరిశీలించవలెను. రస్సెల్ స్నాపర్ అనే చేప ప్రక్కన ఉండే నల్లమచ్చ అధికభాగం పార్శ్వరేఖకు పైన ఉంటుంది. దానిని పోలిన మరొక స్నాపర్‌కు మచ్చ ఆ రేఖపైననే ఉంటుంది. నీటిలో వ్రాయుటకు వీలైన ప్లాస్టిక్ పలకపై ఈ వివరాలను అప్పటికప్పుడే గుర్తుంచుకొనుట మేలు. ఒడ్డుకు చేరేసరికి జ్ఞాపకం తారుమారవుతుంది.

ఆ స్నాపర్‌కు పేరునిచ్చిన పాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ దేశపు వైద్యుడు. ఆయన 1780ల దశకంలో విశాఖపట్నంలో నివసించి, అక్కడ సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించెను. అనేక చేపలకు ఆయన స్థానికుల నోట విన్న పేర్లనే వ్రాసుకొనెను. ఆంగ్లేయులు లయన్ ఫిష్ అని పిలిచే చేపకు ఆ గ్రంథంలో ఉన్న పేరు ‘కోడిపుంగి’, అనగా మన కోడిపుంజు! పుంజు ఈకలవలె విచ్చుకొనే దాని రెక్కలను చూసినవారికి ఆ పేరులోని ఔచిత్యం వెంటనే బోధపడుతుంది. ఆ జాతికి 1831లో రస్సెల్ పేరిటనే శాస్త్రీయ నామం పెట్టబడినది. వెనుక రెక్కలపై, తోకపై చుక్కలు లేకపోవడం దానిని సాటి జాతుల నుండి వేరుచేసే లక్షణం.

ఈ చేప వీపుపై ఉండే ముళ్ళు విషపూరితమైనవి. అది మనిషిని చూసి పారిపోదు. నిదానంగా, నిలకడగా ఉంటుంది. ఆ నిలకడను సాధుస్వభావమని భ్రమించి చేయి చాచరాదు. ముల్లు గుచ్చుకొనిన యెడల భరించదగిన వేడినీటిలో ఆ భాగాన్ని ఉంచి, ఆలస్యం చేయక వైద్యుని ఆశ్రయించవలెను. పగడాలను సైతం తాకరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ కల్పిస్తున్నది.

విశాఖ జాలరులు పెట్టిన పేరు లండన్ గ్రంథానికి ఎక్కినది. కాని గోడాదరాలో పెరిగే మన పిల్లలకు అది తెలియదు. ఈసారి దీవులకు వెళ్ళినప్పుడు ఆ చేప కనిపిస్తే, దూరం నుండే చూపి, కోడిపుంజు అని వారికి చెప్పండి. పేరు తెలిసిన పిల్లవాడు దాని ముల్లును కూడా గుర్తుంచుకొంటాడు.