రికార్డు రాశారు సరే... జీరో ఎర్రర్ చూశారా?

మల్లాపూర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి కోరుట్లకో, జగిత్యాలకో కాలేజీకి వెళ్లే మీలో చాలామందికి ఇంటర్ ఫిజిక్స్ రికార్డు గుర్తుండే ఉంటుంది. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూ గేజ్! సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని రీడింగులు దించేసినవాళ్లే ఎక్కువ. మార్కులు పడ్డాయి, పనైపోయింది అనుకున్నారు కదూ? అక్కడ మీరు వదిలేసిన పాఠమే యుద్ధ ట్యాంకు దగ్గర అసలు పని.

ట్యాంకులో గన్నర్ గురి చూసేది గొట్టంలోంచి కాదు, విడిగా అమర్చిన సైట్‌లోంచి. సైట్ ఒకచోట, గొట్టం ఒకచోట. రెండూ దూరంలోని ఒకే బిందువును చూస్తున్నాయా లేదా అన్నది కాల్చకముందే తేల్చుకోవాలి. దీన్నే బోర్‌సైటింగ్ అంటారు.

పాత పద్ధతి చాలా తేలిక. గొట్టం మూతి అంచున ఉన్న గుర్తుల మీదుగా రెండు దారాలను అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి బిగిస్తారు. వెనక ఫైరింగ్ పిన్ తీసేసిన సన్నని రంధ్రంలోంచి ఒకరు చూస్తూ 'ఇంకాస్త ఎడమకు... చాలు' అంటూ, దారాలు కలిసేచోటు ఎదుటి గుర్తు మీద పడేదాకా గన్‌ను జరిపిస్తారు. తర్వాత గన్‌ను కదపకుండా సైట్‌లోని గీతను అదే గుర్తు మీదికి తెస్తారు. ఇప్పుడు దారాల బదులు మూతిలో అమర్చే కటకాల పరికరం వచ్చింది. సూత్రం మాత్రం అదే.

గన్‌ను గుర్తు మీదికి తెచ్చేటప్పుడు చివరి కదలిక ఎప్పుడూ ఒకే వైపు నుంచి ఉండాలి. లేకపోతే గేర్లలో ఉండే వదులు వల్ల తేడా వస్తుంది. స్క్రూ గేజ్‌ను ఒకే దిశలో తిప్పమని లెక్చరర్ చెప్పింది ఇందుకే. అదే బ్యాక్‌లాష్ ఎర్రర్.

నిన్న సరిచూశాం కదా అంటే కుదరదు. ఎండ ఒకవైపే తగిలితే ఉక్కు గొట్టం కూడా కాస్త వంగుతుంది. అందుకే దానికి వేడి తగలకుండా తొడుగు వేస్తారు. మన అర్జున్ ట్యాంకులో మూతి వంపును కనిపెట్టే ఏర్పాటు కూడా ఉంది. ఇంతకీ ఎంత తేడా వస్తే ప్రమాదం? టి-72 గన్ గొట్టం పొడవు సుమారు 6 మీటర్లు. దాని చివర 6 మిల్లీమీటర్లు పక్కకు ఒరిగితే, 2 కిలోమీటర్ల దూరంలో గుండు 2 మీటర్లు పక్కకు పోతుంది. ఆ తేడాకు మూల్యం లోపలున్న ముగ్గురి ప్రాణాలు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో 30 మిల్లీమీటర్ల గన్ ఉన్న 'శరత్' పోరాట వాహనాలు తయారయ్యాయి. 2021 అక్టోబరు నుంచి ఆ ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కిందికి వచ్చింది. సైన్యం వాహనాలు, ఆయుధాల మరమ్మతు నేర్పే ఈఎంఈ శిక్షణ సంస్థలు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ ట్రేడ్ల ఐటీఐ వాళ్లు, మెకానికల్ డిప్లొమా వాళ్లు అప్రెంటిస్ నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచాలి. అగ్నివీర్‌కు తయారయ్యేవారు టెక్నికల్ విభాగాన్ని కూడా పరిశీలించాలి. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. అది నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మందే. బయటికి వచ్చాక చేతిలో ఉండేది నేర్చుకున్న పనే.

మన మండలంలో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక యంత్రం పక్కన నిలబడి పని నేర్చుకునే చోటు ఒకటి పోయింది. చాలామందికి గల్ఫ్ వీసాయే దారైంది. అక్కడికెళ్లినా, ఇక్కడే ఉన్నా కొలత తెలిసినవాడి కూలి వేరు, తెలియనివాడి కూలి వేరు.

వెర్నియర్ లీస్ట్ కౌంట్ ఎంత అంటే అందరూ టక్కున చెప్పేస్తారు. 'కొలిచే ముందు ఏం చేస్తావు?' అని అడిగితేనే తడబడతారు. దవడలు మూసి, సున్నా సున్నా మీదే ఉందా అని చూడాలి. ట్యాంకు సిబ్బంది చేసేదీ అదే. రేపు ల్యాబ్‌కు వెళ్లండి. ఒకే వస్తువును పదిసార్లు కొలవండి. జీరో ఎర్రర్‌తో సహా మీ రీడింగులు మీరే రాసుకోండి. ఈసారి ఎవరి రికార్డూ పక్కన పెట్టుకోవద్దు.