గుడిలో సాక్ష్యం, కోర్టులో సాక్ష్యం

మన పల్లెల్లో ‘మంచి విశ్వాసి’ అంటే ఎవరని అడిగి చూడండి. తాగడు. బీడీ కాల్చడు. సినిమాకి పోడు. ఆదివారం గుడి మానడు. దశమభాగం ఎగ్గొట్టడు. ఆడమనిషి అయితే బొట్టు పెట్టదు, పూలు పెట్టదు, అయ్యగారి మాటకి ఎదురు చెప్పదు. ఇదీ చిట్టా. దీంట్లో తాగుడు మానడం ఒక్కటే నిజంగా పెద్ద సంగతి. ఆ ఒక్క కట్టుబాటు వల్ల ఎన్ని ఇళ్ళల్లో కూలి డబ్బులు బెల్టు షాపుకి పోకుండా పొయ్యి దాకా వచ్చాయో, చర్చిని చూస్తేనే మొహం చిట్లించుకునే మన మిత్రులు కూడా ఒకసారి ఆడవాళ్ళని అడిగి తెలుసుకోవాలి.

అయితే చిట్టాని ఇంకోసారి చదవండి. ఇందులో ఏది పాటించినా ఊళ్ళో ఆసామికి పైసా నష్టం లేదు. తాగని పాలేరు పొద్దున్నే పనికొస్తాడు. అయ్యగారికి ఎదురు చెప్పని ఆడమనిషి మడి గట్టు మీద కూడా ఎదురు చెప్పదు. క్రీస్తు చెప్పిన నీతి ఇంత అణకువగా, ఎవరికీ అడ్డం రాకుండా ఉండేదయితే ఆయన్ని సిలువెయ్యాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

మన ముందుతరాల నీతి ఇలా లేదు. ఒంగోలు ప్రాంతంలో సువార్త దొరలతోనే మొదలైందనుకుంటాం గాని, పల్లెల్లోకి దాన్ని మోసింది మనవాళ్ళే. తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య ఆ మొదటివాళ్ళల్లో ముఖ్యుడు. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ దొరతో కలిసి ఊరూరా తిరిగాడు. కొత్తగా నమ్మినవాళ్ళకి పెట్టిన నియమాలు మూడంటే మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు.

ఇప్పుడు వింటే ఇవి మామూలు మాటల్లాగే ఉంటాయి. ఆ రోజుల్లో ఒక్కోటీ ఎవరికి తగిలిందో ఆలోచించండి. ఏడాది పొడుగునా పిలిచినప్పుడల్లా పోవాల్సిన వెట్టి మనిషి, “ఇయ్యాల రాను” అన్నాడు. వారానికొక రోజు నాది అన్నాడు. అది భక్తి ఒక్కటేనా? కూలి పోరాటం కాదా? చచ్చిన గొడ్డు తినను అంటే ఆ గొడ్డుతో కట్టేసిన చాకిరీ మీద కూడా అసహ్యం చూపించినట్టే. (గొడ్డు మాంసం వేరు, చచ్చిన గొడ్డు వేరు. ఈ రెండూ కలిపి మాట్లాడేవాళ్ళకి జవాబు ఇంకోసారి ఇద్దాం.) 1927లో మహాద్‌లో అంబేద్కర్ కూడా మనవాళ్ళకి చచ్చిన గొడ్డు మాంసం మానమనే చెప్పారు. ఇక మొక్కొద్దు అనే నియమం వల్ల ఊరి జాతరలో డప్పు ఆగింది. అందుకే కరణాలూ మునసబులూ భగ్గుమన్నారు. పనికి పిలవడం మానేశారు, కొట్టారు, దొంగ కేసులు బనాయించారు. అయినా మనవాళ్ళు వెనక్కి తగ్గలేదు.

“కరువులో తిండి కోసం మారారులే” అని ఇప్పటికీ ఎద్దేవా చేస్తుంటారు. 1876–78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకి పని చూపించిన మాట నిజం. కాని కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడన్నది కూడా నిజమే. సాయం ఆగాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది నీళ్ళల్లో దిగారు. ఇక పైసా రాదని తెలిసి దిగినవాళ్ళు వాళ్ళు.

ఆ నీతికీ ఇప్పటి మన నీతికీ తేడా తెలియాలంటే ‘సాక్ష్యం’ అనే ఒక్క మాట చాలు. ప్రతి గుడిలో సాక్ష్యాలు చెప్పుకుంటాం. జ్వరం తగ్గింది, అప్పు తీరింది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది. మంచిదే, చెప్పుకోవాలి. కాని ఊళ్ళో మనవాణ్ణి కొట్టిన రోజు కళ్ళారా చూసిన ఇరవై మందిలో కోర్టు బోను ఎక్కేది ఎంతమంది? అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. పిల్లకాయలు సండే స్కూల్లో గడగడా అప్పజెప్తారు. చూసి కూడా “నేను చూళ్ళేదు” అనడం అబద్ధ సాక్ష్యం కాకపోతే మరేంటి?

భయం ఉంటుంది. కాదనను. రేపు అదే ఆసామి చేలోకి పోవాలి, అతని దగ్గరే అప్పు ఉంటుంది. మనిషికి భయం ఉండటం పాపం కాదు. కాని ఆ భయానికి వాక్యం ముసుగేసి “మనకెందుకు గొడవ, దేవుడే చూసుకుంటాడు” అంటేనే ఒళ్ళు మండుతుంది.

కారంచేడు గుర్తు తెచ్చుకోండి. 1985 జులైలో మాదిగలు తాగే చెరువు నీళ్ళు పాడుచేస్తుంటే అడ్డుపడి బిందె ఎత్తిన ఆమె పేరు మున్నంగి సువార్త. పేరే సువార్త! మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. అమరుల పేర్లలో మోషే ఉన్నాడు, యెహోషువ ఉన్నాడు. చూసింది చూసినట్టు చెప్తానన్న అలీసమ్మని ఆ తర్వాత చంపేశారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు చీరాల పోయి తలదాచుకుని శిబిరం పెట్టింది చర్చి ఆవరణలోనే. చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. మా ఊళ్ళోనే విచారణ జరగాలని పల్లె పట్టుబట్టి చుండూరులోనే కోర్టు పెట్టించుకుంది. రాజీ మాటలకి లొంగకుండా బోనెక్కి సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి జీవిత ఖైదు, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అయినా ఆ సాక్ష్యం వృథా అని నేననుకోను. పదహారేళ్ళు మాట మార్చకుండా నిలబడ్డ ఆ కూలి మనుషుల్ని మన గుళ్ళల్లో ఎన్నిసార్లు తలుచుకున్నాం? దానియేలుని సింహాల బోనులోంచి ఏటేటా బయటికి తీస్తాం గాని, వీళ్ళ బోను సంగతి ఎత్తం.

దాడి జరిగిన మూడో రోజుకి పెద్దమనుషుల కబురొస్తుంది. దాని వెనకే ఎవరో ఒక అయ్యగారు బైబిలు చంకన పెట్టుకుని వస్తారు. అందరూ అలాంటివాళ్ళు కాదు, మనతో పాటు పోలీస్ స్టేషన్ ముందు కూర్చున్న పాస్టర్లు నాకు తెలుసు. ఆ వచ్చినాయన మాత్రం క్షమించమంటారు, రెండో చెంప చూపించమంటారు. సరే అయ్యగారూ, అదే పుస్తకం తీద్దాం. యోహాను 18వ అధ్యాయం. ప్రధాన యాజకుడి ముందు బంట్రోతు యేసుని చెంప మీద కొట్టాడు. ఆయన నోరు మూసుకుని రెండో చెంప తిప్పాడా? తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేంటో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావు అని మొహం మీదే అడిగాడు. తిరిగి కొట్టలేదు. ఊరుకోనూ లేదు. పగ పట్టకుండా ప్రశ్న అడగడం ఆయన నడిచి చూపించిన దారి. కేసు పెట్టడమూ అలాంటిదే. కత్తికి కత్తి ఎత్తకుండా, కొట్టినవాణ్ణి నలుగురి ముందు నిలబెట్టి ఎందుకు కొట్టావని అడగడమే కేసంటే.

క్షమాపణకి కూడా ఒక వరస ఉంది. లూకా 17లో తప్పు చేసినవాణ్ణి ముందు గద్దించమన్నాడు, వాడు మారుమనసు పొందితే క్షమించమన్నాడు. మత్తయి 5లో కానుక మాట ఉంది కదా, బలిపీఠం దగ్గర నిలబడ్డప్పుడు గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు సోదరుడితో సమాధానపడి రమ్మన్నది. జాగ్రత్తగా చదవండి. నీకు వాడి మీద కోపం ఉంటే అని కాదు, వాడికి నీ మీద ఏదన్నా ఉంటే అని. అంటే నడిచి రావాల్సింది తప్పు చేసినవాడు. జక్కయ్య అలాగే చేశాడు, అన్యాయంగా లాక్కున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మన దగ్గర తిరకాసేంటంటే, దెబ్బలు తిన్నవాణ్ణే నడిపించి ఆసామి అరుగు ముందు నిలబెట్టి దాన్ని సమాధానం అంటున్నారు.

ఇదంతా ఊరివాళ్ళ మీదికి నెట్టి ఊరుకుంటే నేను సగం చెప్పినట్టే. ఆ కానుక మాట మన మీదికి కూడా వస్తుంది. గుంటూరు వైపు 1842 నుంచి లూథరన్లు పనిచేశారు, అక్కడ మాలలు ఎక్కువగా చేరారు. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ఏ మిషను ముందొస్తే ఆ గుడి. అలా మొదలైంది ఇప్పటికి మాల గుడి, మాదిగ గుడి అయి కూర్చుంది. ఒకే యేసు, ఒకే పాటల పుస్తకం, మధ్యలో వీధి. ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె అని చెప్పి, పెళ్ళి భోజనాల దగ్గర రెండు బంతులు. సమరయ స్త్రీ దగ్గర యేసు నీళ్ళడిగి తాగబోయిన కథ చెప్పేటప్పుడు యూదులకీ సమరయులకీ కలవదని వివరిస్తారు. మాలపల్లె గుడిలో ఆ కథ చెప్తూ “ఆ సమరయురాలంటే మన మాదిగపల్లె ఆడపడుచే” అన్న బోధకుణ్ణి నేనింకా చూళ్ళేదు.

1994 జులైలో ఈదుముడిలో దండోరా మొదలయింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెయ్యొచ్చని సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. దాని మీద మాల అన్నలకో అభిప్రాయం, మాదిగ అన్నలకో అభిప్రాయం ఉండొచ్చు, వాదించుకుందాం. కాని ముందు నడవాల్సింది ఎవరు? మాదిగకి మాల మీద బాధ ఉందని మాలకి తెలుసు. కానుక అక్కడ పెట్టి మాదిగపల్లెకి నడవాల్సింది మాల అన్నలే. మాదిగపల్లెలో కూడా డక్కలి ఇంటి ముందు నిలబడి ఇదే లెక్క చూసుకోవాలి.

ఇక ఇల్లు. అంబేద్కర్ సంఘంలో ముందుంటాడు, గుళ్ళో పెద్ద, ఇంటికెళ్ళి చెయ్యెత్తుతాడు. అమ్మాయి ‘సిస్టర్’, కాని కట్నం తక్కువైతే సిస్టర్ కాదు. మనలో ఉద్యోగం వచ్చినవాళ్ళే (నా తోటి పంతుళ్ళతో సహా) కట్నం రేటు పెంచారని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ఒక మాట మాత్రం మన తరఫున చెప్పాలి. “కాగితంలో హిందువు, గుడిలో క్రైస్తవుడు, ఇదేం నిజాయితీ?” అని మనల్ని దొంగల్లా చూస్తారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీశారు. క్రైస్తవుడికి తియ్యలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్ళకి మన దగ్గర బీసీ–సీ అని ఒక్క శాతం. ఊళ్ళో మాత్రం బాప్తిస్మం చూసి టీ గ్లాసు మార్చిన కొట్టువాడు లేడు. బిడ్డ చదువు కోసం తల్లి రెండు పేర్లు మొయ్యాల్సి వస్తే, ఆ అబద్ధం రాయించిన చెయ్యి ఏదో ముందు చూడాలి. ఆ తల్లికి నీతి చెప్పడానికి నాకు నోరు రాదు.

సంఘాల్లో పనిచేసే అక్కలకీ అన్నలకీ ఒక పని చెప్తాను. ఈసారి గుడి కమిటీ కూర్చున్నప్పుడు మూడు సంగతులు అడగండి. మన మండలంలో నడుస్తున్న కేసుల్లో సాక్షులెవరు, వాయిదా రోజున వాళ్ళ వెంట గుడి తరఫున పదిమంది పోతారా, ఆ రోజు కూలి కానుకల డబ్బులోంచి ఇస్తారా? క్రిస్మస్‌కి రెండు పల్లెలూ ఒకే పొయ్యి మీద వండుతాయా? పెళ్ళాన్ని కొట్టేవాడు పెద్దగా ఉంటాడా, దిగుతాడా? కమిటీ ఏమందో నాకు రాయండి, పేర్లు లేకుండా వేద్దాం. రెండు పల్లెలకి వేరువేరుగా ఉన్న సమాధుల తోటల సంగతి పెద్దది, అది ఇంకో సంచికలో రాస్తాను.