ఇంటి వైద్యం: తొట్టి కుళాయికి కవాట వ్యాధి

ఈ నెల మధుమేహం గురించి వ్రాస్తానని మాట ఇచ్చాను. సంపాదకులవారూ, పాఠకులూ మన్నించాలి. మా స్నానాలగదిలో ఒక రోగి తగిలి, ఆ వరసను తప్పించాడు.

మేముండేది అల్ ఖువైర్‌లో, అద్దె ఇంట్లో. స్నానాలగదిలో తొట్టి, దాని మీద కుళాయి, కుళాయి నెత్తిన చిన్న బొడిపె. బొడిపె పైకి లాగితే నీళ్ళు షవర్‌లోకి ఎక్కాలి. ఏడాదిగా కొన్ని పైకి ఎక్కుతున్నాయి, కొన్ని క్రిందనే కారిపోతున్నాయి. మా ఆవిడ నాలుగుసార్లు చెప్పింది. నేను నాలుగుసార్లూ "వాచ్‌మన్‌కి చెబుదాంలే" అన్నాను.

డిసెంబరులో మా అమ్మ వచ్చింది. వచ్చిన మూడోనాడు చూద్దును గదా, తొట్టిలో కుళాయి క్రింద బకెట్ పెట్టి ఉంది.

"ఏమిటమ్మా ఇది?"

"మంచినీళ్ళురా నాయనా, ఊరికే పోతున్నాయి. బట్టలు జాడించుకోవచ్చు."

మాది కనిగిరి దగ్గర పల్లె. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొదటిసారి వర్ణించింది 1937లో, నెల్లూరు జిల్లా రోగులను చూసి. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పట్లో ఆ జిల్లావే. ఆ బావి నీళ్ళే త్రాగి పెరిగిన అమ్మ వెన్ను గట్టిపడిపోయింది, వంగదు. అటువంటి మనిషి తడి తొట్టిలో ఒక చేత్తో అంచు పట్టుకుని, రెండో చేత్తో బకెట్ ఎత్తుతోంది. జారిపడి తుంటి ఎముక విరిగిన ముసలివాళ్ళను ఎందరినో చూసిన డాక్టర్ని. నా ఇంట్లోనే ఈ ఏర్పాటు చేసి పెట్టానని సిగ్గుపడ్డాను.

ముందు రోగ తీవ్రత కొలిచాను. షవర్ నడుస్తుండగా కుళాయి క్రింద లీటరు మగ్గు పట్టి గడియారం చూస్తే, ఒక్క నిమిషంలో నిండింది. అమ్మతో కలిపి అయిదుగురం; మనిషికి ఎనిమిది నిమిషాల స్నానం వేసుకున్నా రోజుకు 40 లీటర్లు, నెలకు 1,200 లీటర్లు! ఈ ఊళ్ళో అవి ఊరికే వచ్చిన నీళ్ళు కావు. 1976లో గుబ్రా ప్లాంటు మొదలైనప్పటినుంచీ మస్కట్ సముద్రాన్ని మంచినీళ్ళుగా మార్చుకుని త్రాగుతోంది. 2007 జూన్‌లో గోను తుఫానుకు ప్లాంట్లు ఆగిపోయినప్పుడు నీళ్ళ కోసం పడిన పాట్లు ఇక్కడి పాతవారికి గుర్తే ఉంటాయి. నిజ్వాలో ఫలజ్ దారిస్ చూసిన వారికి మరొక సంగతి తెలుసు: ఈ దేశపు రైతులు కాలువ నీటి వంతులను పగలు ఎండనీడ చూసి, రాత్రి నక్షత్రాలు చూసి పంచుకునేవారు.

ఇక రోగ నిర్ణయం. కుళాయి లోపల ఒక చిన్న తలుపు, దానికి రబ్బరు వాషర్ ఉంటాయి. బొడిపె లాగితే తలుపు దారి మూస్తుంది. నీటి ఒత్తిడే దాన్ని మూసి ఉంచుతుంది. గుండెలో కవాటం చేసే పని ఇదే. సున్నం పేరుకున్నా, రబ్బరు అరిగినా సరిగా మూసుకోక కారుతుంది. అయితే బొడిపె నిలవకుండా తనంతట తానే పడిపోతుంటే కుళాయిని అనుమానించకండి. మేడమీది ట్యాంకు తక్కువ ఎత్తులో ఉండి, పంపు లేకపోతే ఒత్తిడి చాలదు. అటువంటప్పుడు కొత్త కుళాయి కొన్నా ఫలితం ఉండదు.

శస్త్రచికిత్స ఇలాగ. పంపులు రెండూ కట్టెయ్యండి. ఇంటి నీళ్ళన్నీ ఆపనక్కరలేదు. తొట్టి కంతలో గుడ్డ కుక్కండి. కుళాయి అడుగున చిన్న మర ఉంటే అలెన్ కీతో వదులు చేసి ముందుకు లాగండి. మర లేకపోతే కుళాయినే ఎడమకు త్రిప్పాలి. బిగుసుకుంటే దాని మూతిలో కర్ర దూర్చి నెమ్మదిగా త్రిప్పండి. మొరటుగా లాగితే గోడలో గొట్టం విరుగుతుంది, అప్పుడు పలకలు పగలగొట్టాలి. ఊడివచ్చిన కుళాయిని గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమండి. చాలాసార్లు ఇంతటితోనే నయమౌతుంది.

మా రోగికి నయం కాలేదు, రబ్బరు తినేసింది. పాతదాన్ని సంచిలో వేసుకుని, గోడలోంచి బయటికున్న గొట్టం పొడవు కొలుచుకుని, వాదీ కబీర్‌లో దుకాణానికి వెళ్ళాను. కొలత లేకుండా వెళితే రెండుసార్లు తిరగాలి. కొత్తది బిగించేముందు గొట్టం మరలకు టెఫ్లాన్ టేపు కుడివైపుగా మూడు నాలుగు చుట్లు చుట్టి, చేత్తోనే బిగించాను. గోడ దగ్గర సందుకు సిలికోన్ పూసినా అడుగున కాస్త వదిలెయ్యండి. లోపల కారితే బయటికి తెలుస్తుంది. అన్నీ కలిపి అరగంట పని. డైవర్టర్ గోడలోనే ఉన్న ఇళ్ళవారు మాత్రం ప్లంబర్నే పిలవండి. అద్దె ఇళ్ళవారు ఇంటివారికి ఒక మాట చెప్పండి.

పనిలో పనిగా తొట్టిలో రబ్బరు చాప పరిచాను, గోడకు పట్టుకునే కమ్మీ బిగింపించాను. పెద్దవారున్న ప్రతి ఇంట్లోనూ ఇవి ఉండాలి. వేసవిలో ట్యాంకు నీళ్ళు కాగిపోతాయి గనుక, పిల్లల్నీ ముసలివారినీ షవర్ క్రింద నిలబెట్టేముందు మీ చెయ్యి పెట్టి చూడండి.

అమ్మ కొత్త కుళాయి త్రిప్పి, బొడిపె లాగి, వంగలేక గోడ పట్టుకుని చూసింది. చుక్క కారలేదు. "ఇంత చిన్న పనికి ఏడాది పట్టిందట్రా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మధుమేహం వచ్చే నెల తప్పకుండా. ఈలోగా మీ ఇంట్లో ఒకసారి మగ్గు పట్టి చూసుకోండి.